పల్లెటూరి జడ్పీ హైస్కూల్లో ఆటలాడే పాపని 9వ తరగతికి టౌన్‌లో ప్రైవేటు బడికి మార్చాలా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో 6 నుంచి 10 దాకా కలిపి 94 మంది పిల్లలే ఉన్నారు. మీ పాప 8వ తరగతి, ఖోఖో ఆడుతుంది, మండలంలో వాళ్ల జట్టు గెలిచింది, జిల్లా సెలక్షన్‌కి కూడా వెళ్లొచ్చింది. రోజూ చీకటి పడేదాకా గ్రౌండ్‌లోనే ఉంటోందని ఇంట్లో గొడవ. మీ బావమరిది వచ్చే ఏడాది టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో వేసేయమంటున్నాడు, బస్సు ఊళ్లోకే వస్తుందట. అక్కడే ఉంచితే చదువు పోతుందేమోనని మీకు భయం, ఆట మాన్పిస్తే పిల్ల బెంగ పెట్టుకుంటుందేమోనని ఆమె తల్లికి బాధ.

మార్చకండి. పది అయ్యేదాకా అక్కడే ఉంచండి, ఆట ఆడనివ్వండి. ఒకే ఒక్క షరతు ఏంటంటే, ఆ బళ్లో లెక్కలకీ ఫిజికల్ సైన్స్‌కీ రెగ్యులర్ టీచర్లు ఉండాలి. లేకపోతే ఏం చేయాలో కింద చెప్తాను.

నేను ప్రకాశం జిల్లాలో 26 ఏళ్లు మొదట పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా, తర్వాత ఫిజికల్ డైరెక్టర్‌గా చేశాను. ఐదు బళ్లు మారాను, అన్నీ పల్లెటూరి జడ్పీ హైస్కూళ్లే, అందులో ఒకదాంట్లో 71 మంది పిల్లలే ఉండేవాళ్లు. కాబట్టి మీలాంటి తండ్రులు ఇదే ప్రశ్న పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడటం నాకు బాగా తెలుసు.

ముందు డబ్బుతో, సీటుతో ముడిపడ్డ విషయం చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చాలామందికి బడి మార్చేశాక తెలుస్తుంది. మీ పాప ఇప్పుడు 8వ తరగతి కదా, అంటే ఈ ఏడాదే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు, బళ్లో ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో 8 చదివే పిల్లలకే ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. సెలక్ట్ అయితే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు పాప ఖాతాలో పడతాయి, నాలుగేళ్లకి 48,000. కానీ 9లో ప్రైవేటు బడికి వెళ్లారంటే ఆ డబ్బు ఆగిపోతుంది. ఇంకో మాట, ప్రతి ఏడాదీ ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయించాలి. అది మర్చిపోయి పోగొట్టుకున్న పిల్లల్ని ప్రతి బళ్లోనూ చూశాను, హెడ్మాస్టర్ గారి వెంట మీరే పడాలి.

రెండోది ట్రిపుల్ ఐటీ. వీటిని నడిపే ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది, క్యాంపస్‌లు ఇప్పుడు మన వైపు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో, తెలంగాణలో బాసరలో ఉన్నాయి. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఇంటర్‌లాంటి పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు. ఇందులో నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ, స్థానిక సంస్థల బళ్లలో చదివిన పిల్లలకి డిప్రివేషన్ స్కోర్ కింద నాలుగు శాతం అదనంగా కలుపుతారు. గ్రేడ్లున్న రోజుల్లో 0.4 పాయింట్లు కలిపేవాళ్లు. ర్యాంకులన్నీ ఒక్క మార్కు తేడాలో ఇరుక్కుని ఉండే చోట నాలుగు శాతం అంటే మాటలు కాదు. మీ బావమరిది చెప్పిన బస్సు ఎక్కితే ఈ నాలుగు శాతం పోతుంది. బాగా చదివే పల్లెటూరి పిల్లకి ఇంతకన్నా పెద్ద మేలు ఏ ప్రైవేటు బడీ చేయలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక రిజల్ట్స్ సంగతి. "ఆ ప్రైవేటు బళ్లో నూటికి నూరు పాస్, మా ఊళ్లో 83 శాతమే" అని రాశారు. మీ ఊళ్లో పది రాసింది 18 మంది అని మీరే చెప్పారు. అంటే ముగ్గురు తప్పారు. 18 మందిలో ఒక్క పిల్లవాడు తప్పితే ఐదున్నర శాతం పడిపోతుంది. వచ్చే ఏడాది 18 మందిలో ఒక్కడే తప్పితే 94 శాతం అవుతుంది, ఊరంతా బడి బాగుపడిందనుకుంటారు, నిజానికి టీచర్లూ వాళ్లే, పాఠాలూ అవే. చిన్న బడిని శాతాలతో కొలవకండి, ఒక్కొక్క పిల్లని అడగండి. ఆ ముగ్గురు ఎవరు, ఏ సబ్జెక్టు తప్పారు, ఎన్ని రోజులు బడికి వచ్చారు? చాలాసార్లు ఆ ముగ్గురూ అమ్మానాన్నలతో మిరపకోతకో ఇటుక బట్టీకో వలస వెళ్లి డిసెంబర్, జనవరి మొత్తం బడికి రాని పిల్లలే అయ్యుంటారు. మీ పాప పరిస్థితి అది కాదు కదా. ముగ్గురూ లెక్కల్లోనే తప్పారంటే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు లెక్కల పోస్టు గురించి అడగాల్సిందే.

చిన్న హైస్కూల్లో అసలు బలహీనత అక్కడే ఉంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ బదిలీ అయినా, మెటర్నిటీ లీవ్‌లో వెళ్లినా ఆ సబ్జెక్టు మొత్తం కూర్చుండిపోతుంది. పక్క బడి నుంచి సర్దుబాటు మీద వారానికి మూడు రోజులు ఎవరినో పంపిస్తారు, వాళ్లు పాపం రెండు బళ్ల మధ్య తిరుగుతూ దేనికీ న్యాయం చేయలేరు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, దాంతో చాలా బళ్లకి కొత్తవాళ్లు వచ్చారు. మీ బడికి వచ్చారా, ఏ సబ్జెక్టుకి వచ్చారు, ముందు అది తెలుసుకోండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెడుతున్నారు కదా, ఫొటోలు దిగి భోజనం చేసి వచ్చేయకుండా అక్కడ లేచి నిలబడి అడగండి.

ఇంగ్లీషు మీడియం గురించి టెన్షన్ పడుతున్నారు, దాని మీద ఎక్కువ రాయను. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. అర్థం కాని చోట పాప పక్క పేజీ చూసుకుంటుంది. ఆ సదుపాయం టౌన్ బళ్లో ఉండకపోవచ్చు.

ఇప్పుడు ఆట. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చుంటే ఒకరు తరుముతారు, జట్టుకి పన్నెండు మందైనా కావాలి. 94 మంది బళ్లో ఆడపిల్లలు ఓ 45 మంది ఉంటారనుకుంటే అండర్ 14, అండర్ 17 రెండు జట్లు కట్టడానికి దాదాపు ప్రతి రెండో పిల్లా గ్రౌండ్‌లోకి రావాల్సిందే. అందుకే చిన్న బళ్లో బొద్దుగా ఉన్న పిల్ల, మెల్లగా ఉండే పిల్ల, ఎవరితోనూ మాట్లాడని పిల్ల, అందరికీ చోటు దొరుకుతుంది. అదే పదిహేను వందల మంది ఉన్న బడికి పంపండి, మీ పాప జట్టులోకి రావాలంటే వందమందిని దాటాలి, అది కూడా అక్కడ గ్రౌండ్ ఉంటే. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు గ్రౌండ్ చూపించమనండి. చాలా చోట్ల బస్సులు ఆపుకునే స్థలాన్నే చూపిస్తారు.

"చదువు పోతుందా?" అన్న దానికి నేను చెప్పేది క్యాలెండర్ చూడమని. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అటూ ఇటూగా ఆగస్టు, సెప్టెంబర్‌లో మండలం, ఆ వెంటనే జిల్లా, అక్టోబర్, నవంబర్‌లో రాష్ట్రం. జాతీయ స్థాయికి వెళ్లే ఒకరిద్దరు తప్ప మిగతా పిల్లలందరికీ డిసెంబర్ వచ్చేసరికి సీజన్ అయిపోతుంది. పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక మొదలయ్యేదీ అప్పుడే, పరీక్షలు మార్చిలో. అంటే ఆటా పరీక్షా ఒకదాని మీద ఒకటి పడవు. చదువు పాడయ్యేది ఆట వల్ల కాదు, ఆటకి వెళ్లిన రోజుల్లో పోయిన పాఠాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక బళ్లో లాంగ్ జంప్ కుర్రాడు ఉండేవాడు. నేనే ఇసుక తోలించి పిట్ తవ్వించి వాణ్ణి తయారు చేశాను. పదో తరగతిలో రాష్ట్ర పోటీలకి వెళ్లాడు. కోచింగ్ క్యాంపు, ప్రయాణం, పోటీలు అన్నీ కలిపి 16 రోజులు బళ్లో లేడు. వచ్చేసరికి త్రికోణమితి అయిపోయింది. లెక్కల మాస్టారు చూసుకుంటారులే అని నేననుకున్నాను, నేను మళ్లీ కూర్చోబెట్టిస్తానని ఆయన అనుకున్నారు. వాడు బిడియస్తుడు, ఎవరినీ అడగలేదు. మార్చిలో లెక్కల్లో 31 వచ్చాయి. పాస్‌కి నాలుగు మార్కులు తక్కువ. సప్లిమెంటరీలో పాసయ్యాడు కానీ ఆ ఏడాది వాడు కోరుకున్న సీటు పోయింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఆ తర్వాత నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ పిల్ల ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పోటీలకి వెళ్లింది, ఆ రోజుల్లో ఏ సబ్జెక్టులో ఏ పాఠం అయింది, ఆ నోట్సు ఇచ్చే స్నేహితురాలు ఎవరు, తిరిగొచ్చాక ఏ రోజు ఏ మాస్టారు కూర్చోబెట్టారు. చివరి గడిలో సబ్జెక్టు టీచర్ సంతకం. ఆ సంతకాలు పడేదాకా తర్వాతి ప్రాక్టీసుకి రానిచ్చేవాణ్ణి కాదు. మీ బళ్లో పీఈటీ గారు ఇలాంటిది పెట్టకపోతే మీరే ఇంట్లో పెట్టండి, పాపతోనే రాయించండి. పిల్లలు సంతకాల కోసమైనా టీచర్ల వెంటపడతారు.

ఇంకో బళ్లో ముగ్గురు ఖోఖో ఆడపిల్లలు, ఒకే బెంచీ. ముగ్గురూ నాలుగేళ్లు నా దగ్గర ఆడారు. ఒకమ్మాయికి నూజివీడులో సీటొచ్చింది. ఇంకో అమ్మాయి డిగ్రీ తర్వాత బీపీఈడీ చేసి ఇప్పుడు తనే వ్యాయామ ఉపాధ్యాయిని. మూడో అమ్మాయికి ఇంటర్ అవగానే పెళ్లి చేశారు. ముగ్గురిలో బాగా ఆడింది ఆ మూడో అమ్మాయే, స్తంభం దగ్గర ముందుకి దూకి అవుట్ చేసే పోల్ డైవ్ కొడితే ఎదుటి జట్టు వాళ్లు కూడా చప్పట్లు కొట్టేవాళ్లు. ఆట వల్ల చదువు ఆగిన పిల్లలకన్నా పెళ్లి వల్ల ఆగిన పిల్లల్నే నేను ఎక్కువ చూశాను. మీకు ఇది కటువుగా అనిపించొచ్చు, కానీ మీ ఇంట్లో జరిగే చర్చలో ఇది కూడా ఉండాలి.

చీకటి పడేదాకా గ్రౌండ్‌లో ఉండటం మాత్రం తప్పే, ఈ విషయంలో నేను మీ ఇంట్లోవాళ్ల వైపే. 13 ఏళ్ల పిల్లకి రోజుకి గంట, గంటంపావు సరైన ప్రాక్టీసు చాలు, వారానికి ఐదు రోజులు. నేను నాలుగింటికి బెల్లు కొట్టగానే మొదలుపెట్టి ఐదుంపావుకి ఆపించేవాణ్ణి. కాళ్లూ చేతులూ కడుక్కుని 9, 10 పిల్లలు స్టడీ అవర్‌కి, చిన్నవాళ్లు ఇంటికి. పొలాల దారిన వెళ్లే పిల్లలుంటే ముందే పంపేసేవాళ్లం. మీ పీఈటీ గారితో మర్యాదగా మాట్లాడండి, "పాప ఐదున్నరకి ఇంట్లో ఉండాలి సార్" అంటే ఎవరూ కాదనరు. ఒకరోజు చెప్పకుండా సాయంత్రం నాలుగింటికి బడికి వెళ్లి ఓ పక్కన నిలబడి చూడండి కూడా. మాస్టారు పిల్లలతో పాటు పరుగెత్తుతున్నారా, తప్పు చేస్తే ఆపి చూపిస్తున్నారా, ఓడిన పిల్లతో ఎలా మాట్లాడుతున్నారు, ఇంకోవైపు వరండాలో ఎవరైనా టీచరు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చేయిస్తున్నారా. బడి గురించి నాకు నాలుగు నుంచి ఐదున్నర దాకా కనిపించినంత ఇంకెప్పుడూ కనిపించలేదు. పిల్లల్ని వాళ్ల మానాన వదిలేసి ఫోన్ చూసుకునే చోటైతే, అంతసేపు అక్కడ ఉంచాల్సిన అవసరం లేదు.

ఆడపిల్ల కాబట్టి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు. పరుగెత్తితే ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే బద్ధకం అనుకోకండి, రక్తం తక్కువేమో చూపించండి. బళ్లో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది పిల్లలు కిటికీలోంచి పారేస్తారు, వికారంగా ఉంటుందని. భోజనం తర్వాత వేసుకుంటే ఆ వికారం తగ్గుతుంది, వేసుకుందో లేదో మీరు అడగండి. పొద్దున ఏమీ తినకుండా బడికి పంపకండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ వదిలేయొద్దని చెప్పండి, ఇంట్లో రాగి సంకటో జావో అలవాటు చేయండి. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పాప ఇష్టం, ఆ మాట మాస్టారికి చెప్పలేకపోతే లేడీ టీచర్‌కి చెప్పే ఏర్పాటు ఉండాలి. బయటి ఊళ్లకి వెళ్లినప్పుడు జట్టుతో లేడీ టీచర్ వస్తున్నారా లేదా అని ప్రతిసారీ అడగండి, అది మీ హక్కు. మన గ్రౌండ్లలో పల్లేరు కాయలు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఒక మంచి బూట్ల జత కొనివ్వండి.

సర్టిఫికెట్ల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. మండల, జిల్లా సర్టిఫికెట్‌తో సీటూ రాదు, ఉద్యోగమూ రాదు. స్పోర్ట్స్ కోటాలో స్కూల్ స్థాయి ఆట లెక్కలోకి రావాలంటే మామూలుగా రాష్ట్ర జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడి ఉండాలి, దానికి ఇచ్చే ఫారం 4కే విలువ. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు, నిజమే, కానీ అక్కడికి చేరేది చాలా తక్కువ మంది. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగితే మన దేశం ఆడవాళ్లూ మగవాళ్లూ రెండూ గెలిచారు, మన ఆంధ్ర నుంచి పోతిరెడ్డి శివారెడ్డి పురుషుల జట్టులో ఆడాడు. వరంగల్ వైపు కల్లెడ అనే పల్లెలో బడి వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఇవి పాపకి చెప్పండి, కళ్లు మెరుస్తాయి. కానీ మీరు మాత్రం సర్టిఫికెట్ కోసం ఆడించకండి. నా దగ్గర ఆడిన పిల్లల్లో ఎక్కువమందికి మిగిలింది ఒంట్లో సత్తువ, ఊరు దాటి వెళ్లి నలుగురిలో మాట్లాడే ధైర్యం, సాయంత్రం ఆట కోసమైనా బడి మానకపోవడం. అది చాలా ఎక్కువ అని నా అభిప్రాయం.

ఒక పని మాత్రం ఇప్పుడే చేయండి. పుట్టిన తేదీ, ఇంటిపేరు సరిచూసుకోండి. బడి అడ్మిషన్ రిజిస్టర్, ఆధార్, పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, మూడింట్లో ఒకటే ఉండాలి. అండర్ 14, అండర్ 17 ఎంట్రీలో ఇది తేడా వస్తే పిల్లని గ్రౌండ్ దాకా తీసుకెళ్లి వెనక్కి పంపిస్తారు, ఆ ఏడుపు చూడలేం. పైగా పదో తరగతి మెమోలో తప్పు తేదీ పడిందంటే తర్వాత మార్పించడం చాలా కష్టం. 9లో ఉండగానే అయిపోవాలి.

ఇక ఎప్పుడు మార్చాలి? లెక్కలకో ఫిజికల్ సైన్స్‌కో టీచర్ లేక ఒక విద్యా సంవత్సరం సగం గడిచిపోయి, హెడ్మాస్టర్ గారు కూడా చేతులెత్తేస్తే మార్చండి. బడికి వెళ్లే దారిలో పాపకి భయం ఉంటే మార్చండి. అప్పుడు కూడా మొదట పక్క ఊరి పెద్ద జడ్పీ హైస్కూల్ చూడండి, స్కాలర్‌షిప్, నాలుగు శాతం రెండూ నిలుస్తాయి. హాస్టల్ కావాలంటే కస్తూర్బా విద్యాలయం, గురుకులాలు ఉన్నాయి, మంచివే, కానీ అవి రెసిడెన్షియల్ కాబట్టి స్కాలర్‌షిప్, ట్రిపుల్ ఐటీ అదనపు స్కోర్ రెండింటి విషయంలో ఆ ఏడాది నోటిఫికేషన్లు ఒకసారి చదువుకుని నిర్ణయించుకోండి. ప్రైవేటు అన్నది వీటన్నిటి తర్వాత. పదో తరగతి మధ్యలో మాత్రం ఎక్కడికీ మార్చకండి.

మీరు రాయని సంగతి ఒకటుంది, మీ బళ్లో లెక్కల పోస్టు నిండిందా లేదా. అది కనుక్కుని, ఎన్‌ఎంఎంఎస్‌కి పాప పేరు వెళ్లిందో లేదో కూడా హెడ్మాస్టర్ గారిని అడిగి ఇక్కడే రాయండి. రేపు సోమవారం మార్కుల రిజిస్టర్‌లో పాపకి లెక్కల్లో ఈ ఏడాది వచ్చిన మార్కులు కూడా చూసి రండి, అవి చూశాక వారానికి ఏ రోజు ఏం చదవాలో, ఏ రోజు గ్రౌండో నేను రాసిస్తాను.